గుర్రపు బరువు అంచనా

గుర్రపు బరువు అంచనా అనగా గుర్రాన్ని కాటా మీద నిలబెట్టకుండా, దాని శరీరపు కొలతలను బట్టి అది ఎంత బరువు ఉంటుందో లెక్కకట్టే పద్ధతి. ఇందుకు ముఖ్యంగా రెండు కొలతలు అవసరం. అవి ఛాతీ చుట్టుకొలత మరియు శరీరపు పొడవు. ఒక టేపు, ఒక కాగితం, ఒక కలం ఉంటే ఈ లెక్కను ఎక్కడైనా చేయవచ్చును. పశువులను తూచే పెద్ద కాటాలు అందుబాటులో లేని పల్లెలలోను, కొండ ప్రాంతాలలోను ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడుతుంది. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు, వాటికి ఆనుకొని ఉన్న మన్యం ఇటువంటి ప్రాంతాలే. ఇదే పద్ధతిని స్వల్ప మార్పులతో ఎద్దులు, ఆవులు, గాడిదలకు కూడా వాడతారు.

అవసరం

గుర్రం బరువు తెలియవలసిన సందర్భాలు ముఖ్యంగా మూడు.

* మందు మోతాదు: పశువైద్యంలో చాలా మందుల మోతాదును శరీరబరువులో ప్రతి కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అని నిర్ణయిస్తారు. బరువు తప్పైతే మోతాదు కూడా తప్పుతుంది.
* మేత: పని చేయని గుర్రానికి రోజుకు దాని బరువులో సుమారు 2 శాతం మేర ఎండు మేత కావాలి. పని చేసే గుర్రానికి ఇంకా ఎక్కువ కావాలి. నీరు, చల్లని వాతావరణంలో విశ్రాంతిగా ఉన్నప్పుడే, ప్రతి 100 కిలోల బరువుకు సుమారు 5 లీటర్లు అవసరం. ఎండలో పని చేసినప్పుడు ఇది బాగా పెరుగుతుంది.
* మోత: గుర్రం వీపు మీద ఎంత బరువు వేయవచ్చునో దాని సొంత బరువును బట్టి నిర్ణయించాలి.

కంటిచూపుతో బరువు చెప్పడం అలవాటైనవారు కూడా తరచుగా పొరబడతారు. శీతాకాలంలో వెంట్రుకలు దట్టంగా పెరిగిన గుర్రం, గడ్డి మేసి పొట్ట నిండిన గుర్రం బరువుగా కనిపిస్తాయి. ఎత్తు తక్కువగా ఉండి ఒళ్ళు గట్టిగా ఉన్న గుర్రం తేలికగా కనిపిస్తుంది.

చరిత్ర

గుర్రాన్ని కొలిచి, ఆ కొలతను బట్టి దాణా నిర్ణయించే ఆచారం భారతదేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులను తెలిపే అధ్యాయం ఉంది. అందులో ఉత్తమాశ్వానికి ముఖం 32 అంగుళాలు, పొడవు ముఖానికి అయిదు రెట్లు, పిక్క 20 అంగుళాలు, ఎత్తు పిక్కకు నాలుగు రెట్లు అని చెప్పబడింది. చుట్టుకొలతను పరిణాహం అన్నారు. ఉత్తమాశ్వానికి అది 100 అంగుళాలు. ఇక్కడ అంగుళం అనగా వేలి వెడల్పే కాని, నేటి అంగుళం కాదు. మధ్యమ, అధమ అశ్వాలకు ఈ కొలతలు కొంత తగ్గుతాయి. దాణా కూడా ఈ తరగతులను అనుసరించి మారుతుంది. అంటే నేటి పశువైద్యులు టేపుతో చేసే పనికి మూలమైన ఆలోచన అప్పటికే ఉన్నది. తెలుగులో మనుమంచి భట్టు రచించిన హయలక్షణ విలాసము అశ్వశాస్త్రానికి సంబంధించిన పద్యగ్రంథం.

ఆధునిక కాలంలో కొలతలను నిజమైన తూకంతో పోల్చి సూత్రాలను రూపొందించారు. 1969లో కెనడాకు చెందిన మిల్నర్, హ్యూయిట్ అనే పరిశోధకులు చుట్టుకొలత, పొడవుల ఆధారంగా గుర్రపు బరువును అంచనా వేసే పద్ధతిని మెరుగుపరచి ప్రకటించారు. 1988లో కారల్, హంటింగ్టన్ అనేవారు వివిధ జాతులకు చెందిన వందలాది గుర్రాలను ఆస్ట్రేలియాలో తూచి, కొలిచి ప్రకటించిన సూత్రం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 2014లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు చుట్టుకొలత, పొడవులతో పాటు ఎత్తును, మెడ చుట్టుకొలతను కూడా చేర్చి, జాతిని బట్టి మారే సూత్రాలను ప్రతిపాదించారు.

కొలతలు తీసే విధానం

సూత్రం ఎంత మంచిదైనా, కొలత సరిగా లేకపోతే ఫలితం సరిగా రాదు. గుర్రాన్ని చదునైన నేల మీద, నాలుగు కాళ్ళు సమంగా ఆనేటట్లు, తల మామూలు ఎత్తులో ఉండేటట్లు నిలబెట్టాలి. పరిచయమైన మనిషి పగ్గం పట్టుకోవాలి. కొలిచే వ్యక్తి గుర్రానికి సరిగ్గా వెనుక నిలబడరాదు, పక్కగా ఉండాలి. జీను, మోత సామగ్రి తీసివేయాలి.

* ఛాతీ చుట్టుకొలత: టేపును మూపు ఎత్తైన భాగానికి కొద్దిగా వెనుక నుండి దించి, ముందుకాళ్ళ మోచేతుల వెనుకగా పొట్ట కిందికి తెచ్చి, తిరిగి మూపు దగ్గర కలపాలి. టేపు చర్మానికి ఆని ఉండాలి కాని, చర్మాన్ని నొక్కరాదు. గుర్రం ఊపిరి విడిచినప్పుడు కొలత చూడాలి.
* శరీరపు పొడవు: భుజపు మొన నుండి పిరుదు ఎముక చివరి వరకు, ఒక పక్కగా కొలవాలి. భుజపు మొన అనగా మెడ, రొమ్ము కలిసే చోట ముందుకు పొడుచుకొని వచ్చే ఎముక. టేపు పొట్ట ఉబ్బు మీదుగా వంకర పోకుండా తిన్నగా ఉండాలి. ఇందుకు ఇద్దరు మనుషులు ఉండడం మంచిది.

ప్రతి కొలతను మూడుసార్లు తీసి సగటు వేయడం మంచి అలవాటు. దర్జీలు వాడే టేపు 150 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది కనుక పెద్ద గుర్రాలకు చాలదు. అటువంటప్పుడు సాగని తాడుతో చుట్టుకొలత తీసి, ముడి వేసి, ఆ తాడును తరువాత టేపుతో కొలవవచ్చును. మూర, జేన, బెత్తెడు వంటి కొలతలు మనిషిని బట్టి మారుతాయి కనుక ఈ లెక్కకు పనికిరావు.

సూత్రం

ఎదిగిన గుర్రాలకు సాధారణంగా వాడే సూత్రం ఇది:

బరువు (కిలోలు) = చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 11,880

ఇందులో కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉండాలి. కారల్, హంటింగ్టన్ సూత్రంలో భాజకం 11,877. లెక్క సులభంగా ఉండడానికి దానిని 11,880గా తీసుకుంటారు. కొలతలు అంగుళాలలో ఉంటే భాజకం 330, ఫలితం పౌండ్లలో వస్తుంది. పౌండ్లను 2.2తో భాగిస్తే కిలోలు వస్తాయి.

ఉదాహరణకు ఒక గుర్రం చుట్టుకొలత 150 సెం.మీ., పొడవు 138 సెం.మీ. అనుకుందాం.

150 × 150 = 22,500
22,500 × 138 = 31,05,000
31,05,000 ÷ 11,880 = 261 కిలోలు (సుమారు)

ఇదే విధంగా మరికొన్ని కొలతలకు వచ్చే బరువులు:

* చుట్టుకొలత 120, పొడవు 108 సెం.మీ. – 131 కిలోలు
* చుట్టుకొలత 130, పొడవు 115 సెం.మీ. – 164 కిలోలు
* చుట్టుకొలత 140, పొడవు 125 సెం.మీ. – 206 కిలోలు
* చుట్టుకొలత 160, పొడవు 145 సెం.మీ. – 312 కిలోలు
* చుట్టుకొలత 180, పొడవు 160 సెం.మీ. – 436 కిలోలు

సూత్రం వెనుక ఉన్న గణితం

ఈ సూత్రం చూడడానికి యాదృచ్ఛికంగా అనిపించినా, దాని మూలం పాఠశాల గణితంలోని స్థూపపు ఘనపరిమాణమే. గుర్రపు మొండెం ఇంచుమించు పక్కకు పడుకోబెట్టిన స్థూపం వంటిది. స్థూపం చుట్టుకొలత తెలిస్తే దాని అడ్డుకోత వైశాల్యం చుట్టుకొలత వర్గాన్ని 4π (అనగా 12.566)తో భాగిస్తే వస్తుంది. దానిని పొడవుతో గుణిస్తే ఘనపరిమాణం లభిస్తుంది. 1,000 ఘన సెంటీమీటర్ల నీరు ఒక కిలో తూగుతుంది. కనుక అదే చుట్టుకొలత, అదే పొడవు గల నీటి స్థూపం బరువు కావాలంటే, చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 12,566తో భాగించాలి.

గుర్రానికి వాడే భాజకం 11,880. అంటే గుర్రం తన కొలతలే గల నీటి స్థూపం కన్నా సుమారు 6 శాతం మాత్రమే ఎక్కువ బరువు ఉంటుంది. తల, మెడ, కాళ్ళు ఈ స్థూపంలో చేరలేదు. వాటి బరువు అదనం. మరొక వైపు మొండెం అంతటా ఒకే లావు ఉండదు, ఊపిరితిత్తులలో గాలి ఉంటుంది. అందువలన కొంత తరుగు. ఈ అదనము, తరుగు ఒకదానినొకటి చాలావరకు సరిపెట్టుకుంటాయి. మిగిలిన తేడాను తూకాల అనుభవంతో సరిచేసిన సంఖ్యయే 11,880.

దీని నుండి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. చుట్టుకొలతను రెండుసార్లు గుణిస్తాము కనుక దానిలో వచ్చే పొరపాటు ఫలితంలో రెట్టింపవుతుంది. చుట్టుకొలత 130, పొడవు 115 సెం.మీ. గల గుర్రానికి చుట్టుకొలతలో 3 సెం.మీ. ఎక్కువ చదివితే బరువు 164కు బదులు 171 కిలోలు వస్తుంది. అదే 3 సెం.మీ. పొరపాటు పొడవులో జరిగితే 168 కిలోలు వస్తుంది. అందువలన టేపు బిగువు విషయంలో ఎక్కువ శ్రద్ధ అవసరం.

పొట్టిగుర్రాలు, పిల్లలు, గాడిదలు

11,880 అనే భాజకం అన్ని గుర్రాలకు సమానంగా సరిపోదు. శరీర నిర్మాణం మారితే భాజకం కూడా మారుతుంది. అంగుళాలు, పౌండ్ల లెక్కలో సాధారణంగా వాడే భాజకాలు ఇవి:

* ఎదిగిన గుర్రం – 330
* ఏడాది వయసు పిల్ల – 301
* పాలు మరచిన పిల్ల – 280
* పొట్టిగుర్రం – 299

తట్టు అని కూడా పిలిచే పొట్టిగుర్రానికి 299 అనే భాజకాన్ని సెంటీమీటర్లు, కిలోలలోకి మారిస్తే సుమారు 10,800 అవుతుంది. చుట్టుకొలత 130, పొడవు 115 సెం.మీ. గల పొట్టిగుర్రానికి 11,880తో 164 కిలోలు, 10,800తో 180 కిలోలు వస్తాయి. ఈ తేడా సుమారు 10 శాతం. అందువలన అంచనాను నమోదు చేసేటప్పుడు ఏ భాజకం వాడినదీ పక్కన వ్రాసి ఉంచాలి. ఒక గుర్రానికి ఎప్పుడూ ఒకే భాజకాన్ని వాడాలి.

గాడిద శరీరం గుర్రం కన్నా భిన్నమైనది కనుక దానికి వేరే సూత్రాలున్నాయి. 1996లో పియర్సన్, ఔసాట్ అనే పరిశోధకులు మొరాకోలోని పని గాడిదలను కొలిచి, వాటికి ప్రత్యేక సూత్రాన్ని ప్రకటించారు.

కేవలం చుట్టుకొలతను బట్టి నేరుగా కిలోలు చూపే టేపులు కూడా దొరుకుతాయి. ఇవి వాడడానికి సులభం. కాని పొడవును లెక్కలోకి తీసుకోవు కనుక రెండు కొలతల సూత్రమంత నమ్మదగినవి కావు. పైగా ఇవి ఎక్కువగా విదేశీ జాతులను దృష్టిలో ఉంచుకొని ముద్రించినవి.

ఉత్తరాంధ్రలో గుర్రాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పట్టణాలలో ఒకప్పుడు జట్కా బళ్ళు ముఖ్యమైన రవాణా సాధనం. రైల్వే స్టేషన్ల వద్ద, సంతల వద్ద ఇవి బాడుగకు దొరికేవి. రిక్షాలు, తరువాత ఆటోలు వచ్చిన పిమ్మట జట్కాలు కనుమరుగైనాయి. నేడు మైదాన ప్రాంతంలో గుర్రాలు ప్రధానంగా పెళ్ళి ఊరేగింపులలో కనిపిస్తాయి. విశాఖపట్నం సముద్రతీరంలో సందర్శకులను ఎక్కించుకొనే గుర్రాలున్నాయి. దేశం మొత్తం మీద కూడా వీటి సంఖ్య తగ్గుతున్నది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం భారతదేశంలో గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి సుమారు 3.4 లక్షలు. 2012తో పోల్చితే ఇది 45.6 శాతం తగ్గుదల.

అయితే తూర్పు కనుమలలో గుర్రం ఇంకా పని చేస్తున్నది. శృంగవరపుకోటకు ఎగువన ఉన్న అనంతగిరి కొండలలోను, పాడేరు వైపున ఉన్న మన్యంలోను బండి దారి లేని గ్రామాలకు పొట్టిగుర్రాల మీద సరకులు చేరవేస్తారు. సంతకు పసుపు, చింతపండు వంటి పంటలు, అటవీ ఉత్పత్తులు దిగుతాయి. తిరుగు ప్రయాణంలో బియ్యం, ఉప్పు, నూనె ఎక్కుతాయి. మనుషులు కూడా గుర్రం మీద ప్రయాణిస్తారు. ఇవి ఎత్తు తక్కువగా ఉండి, రాతి దారులలో, వాగులలో తొట్రుపడకుండా నడిచే గుర్రాలు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఉత్తరాంధ్ర మన్యంలోని ఎక్కువ భాగం పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలలోకి వచ్చింది.

ఈ గ్రామాలలో గుర్రాన్ని తూచే సాధనం లేదు. లారీలను తూచే కాటాలు మైదానంలోని పట్టణాలలో, రహదారుల వెంట ఉంటాయి. గుర్రాన్ని తూకం కోసం అంత దూరం నడిపించడం సాధ్యం కాదు. అందువలన టేపు కొలతయే అక్కడ అందుబాటులో ఉన్న తూకం. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉన్నది.

మోత పరిమితి

బరువు అంచనా ఎందుకు ముఖ్యమో మోత విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. జంతు హింస నివారణ చట్టం, 1960 కింద 1965లో బండి లాగే, మోత మోసే జంతువులకు సంబంధించిన నియమావళి వెలువడింది. దాని ప్రకారం వీపు మీద వేయదగిన గరిష్ఠ బరువులు ఇవి:

* గాడిద – 50 కిలోలు
* పొట్టిగుర్రం – 70 కిలోలు
* కంచరగాడిద – 200 కిలోలు
* చిన్న ఎద్దు లేదా దున్న – 100 కిలోలు
* మధ్యరకం ఎద్దు లేదా దున్న – 150 కిలోలు
* పెద్ద ఎద్దు లేదా దున్న – 175 కిలోలు

ఎద్దులను ఈ నియమావళి బరువును బట్టి విభజించింది. 200 కిలోలు మించనిది చిన్నది, 200 నుండి 350 కిలోల వరకు మధ్యరకం, 350 కిలోలు మించినది పెద్దది. కాని పొట్టిగుర్రాలకు అటువంటి విభజన లేదు. అన్నిటికీ ఒకటే పరిమితి.

గుర్రం తన బరువులో సుమారు 20 శాతం వరకు, జీనుతో సహా, ఇబ్బంది లేకుండా మోయగలదని సవారీ గుర్రాల విషయంలో సాధారణంగా చెబుతారు. 2008లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎనిమిది గుర్రాల మీద వాటి బరువులో 15, 20, 25, 30 శాతం మేర బరువులు వేసి పరిశీలించారు. 25 శాతం, ఆపైన ఉన్నప్పుడు కండరాల నొప్పి, బిగువు ఎక్కువగా కనిపించినట్లు తేలింది.

ఈ లెక్కను 50 కిలోల బియ్యం బస్తాకు అన్వయించి చూడవచ్చును. 261 కిలోల గుర్రానికి ఆ బస్తా దాని బరువులో 19 శాతం. 164 కిలోల పొట్టిగుర్రానికి అదే బస్తా 30 శాతం అవుతుంది. దానికి 20 శాతం అంటే 33 కిలోలు మాత్రమే. నియమావళి అనుమతించిన 70 కిలోలు దాని బరువులో 43 శాతం. అనగా చట్టపు పరిమితి లోపల ఉన్నంత మాత్రాన మోత ఆ గుర్రానికి తగినదని చెప్పలేము. కొండ ఎక్కేటప్పుడు శ్రమ ఇంకా పెరుగుతుంది. ఒకే బస్తా ఒక గుర్రానికి తగినది, మరొకదానికి మించినది కావచ్చునన్న సంగతి కొలిస్తే గాని తెలియదు. మోతను లెక్కించేటప్పుడు జీను, గోతాలు, తాళ్ళ బరువును కూడా కలపాలి.

అదే నియమావళి ప్రకారం జంతువుతో రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా వరుసగా అయిదు గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు పని చేయించరాదు.

మందు మోతాదు

నట్టల నివారణకు గుర్రాలకు నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో శరీరబరువుకు 0.2 మిల్లీగ్రాములు. 164 కిలోల గుర్రానికి ఇది సుమారు 33 మిల్లీగ్రాములు. అదే గుర్రాన్ని చూపుతో 120 కిలోలని అనుకుంటే 24 మిల్లీగ్రాములే ఇస్తారు. అంటే కావలసిన దానిలో నాలుగో వంతు తగ్గిపోతుంది. మోతాదు చాలనప్పుడు బలమైన నట్టలు చావకుండా మిగిలి, వాటి సంతతి పెరిగి, క్రమంగా ఆ మందుకు లొంగని స్థితి ఏర్పడుతుంది. ఈ నష్టం ఆ ఒక్క గుర్రానికే కాక, దానితో కలిసి మేసే గుర్రాలన్నిటికీ కలుగుతుంది.

మరికొన్ని మందుల విషయంలో ఇందుకు విరుద్ధంగా, మోతాదు మించితే ప్రమాదం. జోరీగల వంటి కుట్టే ఈగల ద్వారా వ్యాపించే సర్రా వ్యాధికి వాడే మందులు, మత్తుమందులు ఇటువంటివి. కనుక పొట్టిగుర్రానికి వచ్చిన రెండు అంచనాలలో దేనిని తీసుకోవాలన్నది మందును బట్టి పశువైద్యుడు నిర్ణయించవలసిన విషయం. యజమాని చేయగలిగినది చుట్టుకొలత, పొడవులను సరిగా కొలిచి వైద్యునికి చెప్పడం. దూరాన ఉన్న వైద్యునితో ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ రెండు సంఖ్యలు ఎంతో సహాయపడతాయి.

ఎద్దులకు ఇదే పద్ధతి

ఉత్తరాంధ్రలో గుర్రాల కన్నా ఎద్దుల సంఖ్య చాలా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలోని నారాయణవలస, విజయనగరం జిల్లాలోని అలమండ పశువుల సంతలకు పేరుపొందినవి. సంతలో పశువును పళ్ళు, ఎత్తు, నడక, ఒళ్ళు చూసి బేరం చేస్తారు. పశువుల బరువు అంచనాకు పశువైద్య పాఠాలలో షేఫర్ సూత్రాన్ని బోధిస్తారు. ఇందులో కొలతలు అంగుళాలలో తీసుకొని, చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 300తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 50 అంగుళాలు గల ఎద్దు 600 పౌండ్లు, అనగా సుమారు 272 కిలోలు ఉంటుంది.

చుట్టుకొలత 54, పొడవు 45 అంగుళాలు గల ఎద్దుకు సుమారు 198 కిలోలు వస్తుంది. పై నియమావళి ప్రకారం అది చిన్న ఎద్దు. చుట్టుకొలతను ఒక్క అంగుళం ఎక్కువగా చదివితే 206 కిలోలై మధ్యరకంలోకి పోతుంది, మోత పరిమితి 100 నుండి 150 కిలోలకు పెరుగుతుంది. హద్దుకు దగ్గరగా ఉన్న అంచనాను తక్కువ తరగతిగానే భావించడం పశువుకు క్షేమం.

పరిమితులు

* ఇది అంచనాయే కాని తూకం కాదు. జాగ్రత్తగా కొలిచినా కొన్ని శాతాల తేడా ఉంటుంది.
* చూడితో ఉన్న ఆడగుర్రాలకు, పొట్ట ఉబ్బిన గుర్రాలకు, బాగా చిక్కిన గుర్రాలకు సూత్రం సరిగా వర్తించదు.
* మేత, నీరు తీసుకున్న వెంటనే బరువు మారుతుంది. కనుక ప్రతిసారి ఒకే వేళకు, వీలైతే ఉదయం మేతకు ముందు కొలవాలి.
* బరువు ఒక్కటే ఆరోగ్యానికి సూచన కాదు. ఎముకలు కనబడుతున్నాయా, కొవ్వు ఎక్కడ చేరింది అన్నవి చేతితో తడిమి చూసి 1 నుండి 9 వరకు అంకె ఇచ్చే పద్ధతిని 1983లో అమెరికాలో హెన్నెకె, ఆయన సహచరులు ప్రకటించారు. ఇందులో 1 అనగా బక్కచిక్కినది, 5 మధ్యస్థం, 9 మితిమీరి కొవ్వినది. బరువు అంచనాతో పాటు ఈ అంకెను కూడా వ్రాసి ఉంచడం మంచిది.

ఒకసారి తీసిన కొలత కన్నా, నెలనెలా ఒకే మనిషి, ఒకే టేపుతో తీసిన కొలతలు ఎక్కువ ఉపయోగకరం. అసలు బరువులో కొంత తేడా ఉన్నా, ఆ తేడా ప్రతిసారి ఒకే విధంగా ఉంటుంది కనుక గుర్రం చిక్కుతున్నదా, పుంజుకుంటున్నదా అన్న సంగతి తప్పక తెలుస్తుంది. మేత కొరత ఉండే వేసవిలోను, వ్యాధులు ప్రబలే వర్షాకాలంలోను ఈ నమోదు యజమానికి ముందస్తు హెచ్చరికగా పనిచేస్తుంది.

ఇవి కూడా చూడండి

* గుర్రం
* గాడిద
* జట్కా
* పశువైద్య శాస్త్రం
* తూర్పు కనుమలు